ఎయిర్‌పోర్టులో కొత్త టెర్మినల్ కడితే పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కోస్తాలో మీ ఊరి పొలాలను ఆనుకుని ఉన్న ఎయిర్‌పోర్టులో కొత్త టెర్మినల్ పనులు మొదలయ్యాయి. ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడని అడిగితే "టెర్మినల్‌కి అవేం ఉండవు" అని చెప్పి పంపేశారు. అది నిజమేనా, వాననీళ్ల గురించి, రాత్రిపూట విమానాల మోత గురించి ఎక్కడ అడగాలి అన్నది మీ ప్రశ్న.

వాళ్లు చెప్పింది సగం నిజమండి. ఇప్పుడున్న ఎయిర్‌పోర్టు స్థలం ఒక్క గజం కూడా పెరగకుండా, కేవలం టెర్మినల్ భవనాన్ని మాత్రమే పెంచుతుంటే కేంద్రం నుంచి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. ఆ అనుమతినే అందరూ ఈసీ అంటారు. ఈసీ లేకపోతే ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు, ఎందుకంటే అది ఈసీ ప్రక్రియలో ఒక మెట్టు మాత్రమే. కానీ కొత్తగా భూమి కలిసినా, రన్‌వే పెరిగినా ఆ మినహాయింపు వర్తించదు. "టెర్మినల్ విస్తరణ" అని శిలాఫలకం మీద చెక్కినంత మాత్రాన పని మొత్తం టెర్మినల్ అయిపోదు. మీరు చూడాల్సింది భవనం ఎన్ని చదరపు మీటర్లన్నది కాదు. ప్రహరీ గోడ ఎక్కడికి జరిగింది, విమానాలు నిలిపే బేలు ఎన్ని పెరిగాయి అన్న రెండు సంగతులు.

ముందు చట్టం సంగతి. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ షెడ్యూల్లో విమానాశ్రయాలు 7(ఎ) కింద వస్తాయి. ఇవి ఎ కేటగిరీ. అంటే రాష్ట్ర స్థాయి అథారిటీ కాదు, ఢిల్లీలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ చూడాలి. విమానాశ్రయాలు, ఓడరేవులు, జాతీయ రహదారులు చూసే కమిటీని ఇన్‌ఫ్రా-1 అంటారు. చాలాకాలం విస్తరణ అంటే టెర్మినల్ అయినా రన్‌వే అయినా అదే దారి. 2022 జూలై 14న వచ్చిన సవరణలో, ఎయిర్‌పోర్టు విస్తీర్ణం పెరగని టెర్మినల్ భవన విస్తరణను ఈసీ నుంచి తప్పించారు. రన్‌వే విస్తరణ లాంటివి ఆ మినహాయింపులోకి రావని అందులోనే ఉంది. మీకు చెప్పిన అధికారి మనసులో ఉన్నది ఈ సవరణే అయి ఉంటుంది.

ఇక "ఇప్పుడున్న స్థలం" అంటే ఏమిటన్నది మొదటి తగాదా. మన రాష్ట్రంలో ఎయిర్‌పోర్టులు ఒక్కసారిగా పెరగలేదు. గన్నవరాన్నే చూడండి. రన్‌వే 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పెరిగింది, దానికి రైతుల నుంచి భూ సమీకరణ జరిగింది, ఏలూరు కాలువను పక్కకు మళ్లించాల్సి వచ్చింది. కొత్త సమీకృత టెర్మినల్ మళ్లీ వేరే పని: 35,000 చదరపు మీటర్లు, రద్దీ గంటలో 1,200 మంది ప్రయాణికులు. ఇలా భూమి ఒక ఏడు, రన్‌వే ఇంకో ఏడు, టెర్మినల్ మరో ఏడు అన్నట్టుగా సాగే చోట, "ఇప్పుడున్న స్థలం" అంటే ఏ తేదీ నాటి స్థలం? నిన్న స్వాధీనం చేసుకున్న భూమిని ఇవాళ "ఇప్పుడున్నది" అనొచ్చా? నా లెక్కలో అనకూడదు. ఆ భూమి ఏ అవసరం కోసం తీసుకున్నారో ఆ అవసరం ఈసీ పరిధిలో ఉంటే, దాంతో కలిపే టెర్మినల్‌నీ చూడాలి. మీ దగ్గర ఏం జరిగిందో తెలియాలంటే భూసేకరణ నోటిఫికేషన్ తేదీ, భూమిని అప్పగించిన పంచనామా తేదీ, టెర్మినల్ టెండర్ తేదీ మూడూ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే మీ ప్రశ్నకు బలం ఉన్నట్టే.

రెండోది బేలు. విమానం వచ్చి నిలబడే కాంక్రీటు మైదానాన్ని ఏప్రాన్ అంటారు, అందులో ఒక్కో విమానానికి గీసిన చోటు బే. టెర్మినల్ శబ్దం చేయదు, పొగ వదలదు. ఆ పని చేసేది విమానాలు. ఎన్ని విమానాలు రాగలవన్నది ఎక్కువగా తేల్చేది బేలే. టెర్మినల్ సామర్థ్యం నుంచి వెనక్కి లెక్కవేస్తే వాళ్ల ప్లాను బయటపడుతుంది.

ఎలాగంటే: రద్దీ గంటలో 1,200 మంది అన్నారనుకోండి. అందులో వచ్చేవాళ్లూ, వెళ్లేవాళ్లూ ఇద్దరూ ఉంటారు. 180 సీట్ల ఎయిర్‌బస్ 80 శాతం నిండితే 144 మంది దిగుతారు, 144 మంది ఎక్కుతారు, అంటే ఒక్కో విమానానికి 288 మంది. 1,200ని 288తో భాగిస్తే గంటకు నాలుగు విమానాల పైచిలుకు. ఒక్కోటి బేలో గంటసేపు ఉంటుందనుకుంటే కనీసం ఐదు బేలు కావాలి, చెడిపోయిన విమానానికో, రాత్రి నిలిపే విమానానికో ఇంకొకటి రెండు. అదే 78 సీట్ల చిన్న విమానాలు, ఏటీఆర్‌లయితే గంటకు తొమ్మిది, పది రావాలి. ఇప్పుడు మీ ఎయిర్‌పోర్టులో ఎన్ని బేలున్నాయో శాటిలైట్ ఫొటోలో లెక్కపెట్టండి. మూడే ఉంటే, 1,200 మంది టెర్మినల్ పక్కన ఏప్రాన్ విస్తరణ కూడా ఎక్కడో ఒక టెండర్‌లో ఉండి తీరుతుంది. ఏప్రాన్ "టెర్మినల్ భవనం" కాదు. దాన్ని మినహాయింపు కింద చుట్టేస్తే, ఏ ఆధారంతో చేశారో పర్యావరణ శాఖ ఇచ్చిన రాతపూర్వక వివరణ చూపించమని అడగండి. నోటిమాట చాలదు.

ఎయిర్‌పోర్టు ముందు హోటల్, షాపింగ్ కాంప్లెక్స్ లాంటి "సిటీ సైడ్" కట్టడాలున్నా అవి టెర్మినల్ లెక్కలోకి రావు. వాటి నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే భవన నిర్మాణాలకు సంబంధించిన 8(ఎ) కింద వేరే అనుమతి కావాలి. బేస్‌మెంటు, సర్వీసు గదులు కూడా ఆ విస్తీర్ణంలోకి వస్తాయి. పార్కింగే కదా అని తీసేసి 19,000 చూపించే అలవాటు ఉంది, చూసుకోండి.

ఈసీ లేకపోయినా మిగిలే అనుమతులు

"మినహాయింపు వచ్చింది" అనగానే అన్నీ పోయాయనుకుంటారు. అలా కాదు. నీటి చట్టం 1974, గాలి చట్టం 1981 కింద కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) దగ్గర కట్టే ముందు సీఎఫ్‌ఈ అనే స్థాపన సమ్మతి, నడిపే ముందు సీఎఫ్‌ఓ అనే నిర్వహణ సమ్మతి తీసుకోవాలి. ఈసీ తీసుకున్న ప్రాజెక్టులకు 2024 నవంబర్ నుంచి విడిగా సీఎఫ్‌ఈ అక్కర్లేకుండా సడలించారు. ఈసీ నుంచే తప్పించుకున్న టెర్మినల్‌కి ఆ సడలింపు వర్తించదు. కాబట్టి మీ విషయంలో అసలు తలుపు ఢిల్లీలో కాదు, మీ జిల్లాను చూసే పీసీబీ ప్రాంతీయ కార్యాలయంలో ఉంది. సీఎఫ్‌ఈ ఉత్తర్వులో ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) సామర్థ్యం, శుద్ధి చేసిన నీళ్లు ఎటు పోతాయి, జనరేటర్ల సంఖ్య, చిమ్నీ ఎత్తు అన్నీ షరతులుగా ఉంటాయి. బోర్లకు, చెట్ల నరికివేతకు రాష్ట్ర నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భూగర్భ జలాల అనుమతి రాష్ట్రం చేతిలోనే ఉంది.

జనరేటర్ చిమ్నీకి ఒక చిన్న సూత్రం గుర్తుపెట్టుకోండి: భవనం ఎత్తుకు పైన, జనరేటర్ సామర్థ్యం కేవీఏల్లో ఎంతో దాని వర్గమూలాన్ని 0.2తో హెచ్చిస్తే వచ్చినన్ని మీటర్లు. 1,500 కేవీఏ సెట్‌కి భవనం కంటే 7.7 మీటర్లు పైకి ఉండాలి. గాలి సంగతి ఇంతకంటే పెద్దగా చెప్పను. ఈ స్థాయి ఎయిర్‌పోర్టులో విమానాల పొగ కన్నా కట్టేటప్పుడు లేచే దుమ్ము, మట్టి టిప్పర్లే జనాన్ని ఏడిపిస్తాయి.

ఆ మట్టి లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 20 ఎకరాల్ని మీటరున్నర మెరక చేయాలంటే దాదాపు 1,21,000 ఘనమీటర్ల గట్టి మట్టి. లారీలో వదులుగా ఉంటుంది కాబట్టి పావు వంతు కలిపితే 1,50,000 పైమాటే. 15 ఘనమీటర్ల టిప్పర్ అయితే 10,000 ట్రిప్పులు. ఆరు నెలల్లో తోలితే రోజుకు 55 పైన, రానూపోనూ 110 సార్లు మీ ఊరి రోడ్డు మీద. ఈ గ్రావెల్ ఏ కొండ నుంచి వస్తోంది? ఆ క్వారీకి సొంత ఈసీ, గనుల శాఖ పర్మిట్ ఉన్నాయా? టెర్మినల్‌కి ఉన్న మినహాయింపు క్వారీకి అంటదు. ఫిర్యాదు చేస్తే త్వరగా కదిలేది కూడా ఇక్కడే, ఎందుకంటే ట్రిప్ షీట్లు, పర్మిట్ల పరిమాణం పక్కపక్కన పెడితే తేడా కూడికల్లోనే తేలిపోతుంది.

వాననీళ్లు

మీ మొదటి భయం ఇదే. కోస్తాలో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం కూడా ఇదే.

ఒక నాలుగు హెక్టార్ల పొలం ఏప్రాన్‌గా, పార్కింగ్‌గా మారిందనుకోండి. గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే ఆ స్థలం మీద 2,400 ఘనమీటర్ల నీళ్లు పడతాయి. పొలంగా ఉన్నప్పుడు అందులో దాదాపు 30 శాతం బయటికి పారేది, అంటే 720. కాంక్రీటు అయ్యాక 90 శాతం, అంటే 2,160. తేడా గంటకు 1,440 ఘనమీటర్లు. అది ఎవరి పొలంలోకి పోతుందన్నదే ప్రశ్న.

డ్రాయింగుల్లో చుట్టూ పెద్ద డ్రెయిను గీసి, చివర బాణం గుర్తు పెట్టి "ప్రస్తుత కాలువలోకి" అని రాస్తారు. తప్పు జరిగేది ఆ బాణం దగ్గరే. ఆ కాలువ పంట కాలువా, మురుగు కాలువా? పంట కాలువ అయితే వానాకాలంలో అది నిండుగా పారుతుంటుంది. ఎయిర్‌పోర్టు డ్రెయిను అడుగు మట్టం కాలువ నిండు నీటిమట్టం కన్నా కింద ఉంటే నీళ్లు బయటికి పోవు సరికదా, కాలువ నీళ్లే ఎదురు తన్నుతాయి. కాబట్టి అడగాల్సినవి రెండే రెండు మట్టాలు: డ్రెయిను కలిసే చోట దాని అడుగు మట్టం, కాలువ పూర్తి సరఫరా మట్టం. రెండూ సముద్ర మట్టం నుంచి మీటర్లలో ఇవ్వాలి. దాంతోపాటు జలవనరుల శాఖ ఇచ్చిన అభ్యంతరం లేదనే పత్రం. ఈ రెండు అంకెలు లేని డ్రెయినేజీ ప్లాను బొమ్మే తప్ప ప్లాను కాదు.

ఎన్నేళ్లకోసారి వచ్చే వానకు డిజైన్ చేశారన్నది కూడా అడగండి. ఐదేళ్ల వానకు కట్టిన డ్రెయిను పాతికేళ్ల వానకు పొంగుతుంది. లోపల గోడ ఎత్తుగా ఉంటే ఎయిర్‌పోర్టు మునగదు, పక్క ఊరు మునుగుతుంది. గోడ నిలవనిచోట ఎయిర్‌పోర్టే మునుగుతుంది. 2015 డిసెంబర్‌లో చెన్నై ఎయిర్‌పోర్టు అడయారు వరదకు రోజుల తరబడి మూతపడింది, అక్కడ రెండో రన్‌వే ఆ నది మీదుగా వంతెనపై సాగుతుంది. 2018 ఆగస్టులో కొచ్చి రెండు వారాలు మూతపడింది. కాబట్టి "మా కోసం కాకపోయినా మీ రన్‌వే కోసమైనా ఆ మట్టాలు చూపించండి" అని అడగడంలో తప్పులేదు.

ఇంకో మాట. పర్యావరణ నివేదికలకు మూడు నెలల బేస్‌లైన్ (పని మొదలుకాక ముందటి పరిస్థితి) కొలతలు వానాకాలం కాని సీజన్లోనే తీస్తారు. గాలి, భూగర్భ జలాల నాణ్యత కొలవడానికి అది సరే. కానీ మార్చి, మే మధ్య కొలిచినవాళ్లకి సెప్టెంబర్‌లో మీ చేను ఎంత లోతున మునుగుతుందో కనపడదు. ఆ సమాచారం మీ దగ్గరే ఉంది: ఏ సర్వే నంబర్లో, ఏ ఏడు, ఎన్ని రోజులు నీళ్లు నిలిచాయి, పంట నష్టం జాబితాలో ఎక్కిందా. గ్రామ రెవెన్యూ రికార్డులో ఉన్న పంట నష్టం వివరాలు తీసిపెట్టుకుంటే, మోడల్ మీద మోడల్ వేసిన కన్సల్టెంట్ కన్నా మీ కాగితమే గట్టిది.

ఇంకుడు గుంతలు తవ్వుతామంటారు. డెల్టాలో మూడు మీటర్ల లోతులోనే నీళ్లు తగిలేచోట అవి వానాకాలంలో నిండిపోయి ఊరికే ఉంటాయి. అక్కడ కావాల్సింది కప్పు వేసిన నిల్వ ట్యాంకు. తెరిచిన చెరువు పెడితే కొంగలు చేరతాయి, రన్‌వే పక్కన పక్షులంటే విమానాలకే ప్రమాదం. ఏప్రాన్ మీది నీళ్లను మాత్రం ఏ గుంతలోకీ పంపకూడదు. ఇంధనం, నూనె చుక్కలు కలుస్తాయి కాబట్టి ముందు నూనె వేరుచేసే తొట్టిలోంచి పోవాలి.

మురుగు, నీటి లెక్క

నీటి అవసరాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1172 ప్రకారం విమానాశ్రయాల్లో మనిషికి రోజుకు 70 లీటర్లు. రోజుకు 5,000 మంది ప్రయాణికులైతే 350 కిలోలీటర్లు. 600 మంది సిబ్బందికి 45 చొప్పున 27, దింపడానికి వచ్చే 1,500 మందికి 15 చొప్పున 22. మొత్తం 400 దాకా, అందులో 80 శాతం మురుగు అంటే 320 కిలోలీటర్ల ఎస్టీపీ కావాలి. ఇక్కడ సాధారణంగా మరిచిపోయేది ఏసీ కూలింగ్ టవర్లు. 800 టన్నుల ప్లాంటు పూర్తి లోడుతో 14 గంటలు నడిస్తే, టన్నుకు గంటకు సుమారు 8 లీటర్ల చొప్పున 90 కిలోలీటర్లు ఆవిరైపోతాయి. నీటి పట్టికలో ఈ వరస లేకపోతే ఆ నీళ్లు తర్వాత కొత్త బోరు నుంచి వస్తాయి.

"జీరో డిశ్చార్జ్" అని రాసి ఉంటే వెంటనే వానాకాలం పట్టిక విడిగా చూపించమనండి. వేసవిలో శుద్ధి చేసిన నీళ్లు తోటలకు, ఫ్లష్‌కి, కూలింగ్‌కి సరిపోతాయి. జూలైలో గడ్డికి నీళ్లెవరు పెడతారు? మిగిలిన నీళ్లు నేరుగా వాననీటి డ్రెయిన్లోకి, అక్కణ్నుంచి మీ కాలువలోకి. ఇక ఎస్టీపీ పనిచేయకుండా పోవడానికి ఒక దొంగ కారణం ఉంది: విమానాల టాయిలెట్ల నుంచి తీసే వ్యర్థం. అందులో క్రిమిసంహారక ద్రవం ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా ఎస్టీపీలో పోస్తే శుద్ధి చేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. విడిగా ట్యాంకులో నిల్వచేసి, కొద్దికొద్దిగా పలచన చేసి వదలాలి. ఆ ట్యాంకు ప్లానులో ఉందో లేదో చూడండి.

చెత్త సంగతి ఒక్క ముక్క. ఎయిర్‌పోర్టు చుట్టూ పది కిలోమీటర్లలో పక్షుల్ని రప్పించేలా చెత్త పోయడం, బహిరంగంగా పశువుల్ని కోయడం నిషేధం. కాంట్రాక్టర్ చెత్తను మీ ఊరి చెరువు గట్టున పోస్తుంటే ఈ నిబంధన ప్రస్తావించి ఎయిర్‌పోర్టు డైరెక్టర్‌కే రాయండి. విమాన భద్రత పేరు చెబితే స్పందన వేగం వేరుగా ఉంటుంది.

మోత

ఇక్కడ మీరు కొంచెం నిరాశపడతారు, ముందే చెబుతున్నాను. మామూలు నివాస ప్రాంతానికి శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. కానీ విమానాశ్రయ శబ్ద మండలానికి 2018లో వేరే ప్రమాణాలు ఇచ్చారు. ఏటా 50,000 రాకపోకలు దాటిన రద్దీ ఎయిర్‌పోర్టులకు పగలు 70, రాత్రి 65. మిగిలిన వాటికి 65, 60. 50,000 అంటే రోజుకు 137. మీది ఆ దరిదాపుల్లో ఉండదు కాబట్టి 65, 60 వర్తిస్తాయి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా.

ఇవి సగటు అంకెలు. విమానాలు 20 నుంచి 40కి పెరిగితే సగటు మూడు డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. నివేదికలో "స్వల్ప పెరుగుదల" అని రాస్తారు, అది అబద్ధం కాదు. కానీ నిద్రలేచే మనిషికి సగటు వినపడదు, ఒక్కో విమానం వినపడుతుంది. అందుకే సగటుతో వాదన పెట్టుకోవద్దు. రాత్రి పది తర్వాత ఎన్ని, ఏ రకం విమానాలు, ఏ దిక్కుగా లేస్తాయి, ఒక్కో విమానం వెళ్లేటప్పుడు మీ బడి దగ్గర గరిష్ఠ శబ్దం ఎంత అని అడగండి.

నివేదిక ఉంటే అందులో ఇంకోటి చూడాలి. "ప్రాజెక్టు ఉంటే", "లేకపోతే" అన్న రెండు పరిస్థితుల్లోనూ విమానాల సంఖ్య ఒకటే రాశారా? అలా రాస్తే ప్రభావం సున్నా వస్తుంది. టెర్మినల్ లేకపోయినా జనం ఎలాగూ వస్తారు, ఇరుక్కుని నిలబడతారు అన్నది వాళ్ల వాదన. బేలు పెరగనప్పుడు ఆ వాదనలో న్యాయం ఉంది కూడా. బేలు పెరిగితే మాత్రం నిలబడదు.

ఈసీ కావాల్సిందేనని తేలితే

కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు పరివేష్‌లో దరఖాస్తు, నివేదికలో ఏమేం ఉండాలో కమిటీ ఇచ్చే మార్గదర్శకాలు, ఒక సీజన్ బేస్‌లైన్, ముసాయిదా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ, తుది నివేదిక, కమిటీ పరిశీలన. ఇదీ వరస. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్ లేదా స్థానిక సంస్థలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ముసాయిదా ఉండాలి, దాని సారాంశం తెలుగులో కూడా. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. అంతా వీడియో తీయాలి. చివర్లో మినిట్స్ అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. చదవకుండా వెళ్లిపోతుంటే ఆపి అడగండి, అది మీ హక్కు.

అది ఓటింగ్ కాదు. వందమంది "వద్దు" అన్నా మినిట్స్‌లో ఒక్క వాక్యమే అవుతుంది. "ఫలానా సర్వే నంబరు దగ్గర డ్రెయిను అడుగు మట్టం ఎంత?" అన్న ఒక్క రాతపూర్వక ప్రశ్నకు మాత్రం తుది నివేదికలో సమాధానం, ఖర్చు, గడువు పట్టికలో రాయాల్సి వస్తుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.

పరివేష్‌లో ప్రాజెక్టు సరిహద్దు కేఎంఎల్ అనే మ్యాపు ఫైలుగా ఉంటుంది. దాన్ని గూగుల్ ఎర్త్‌లో తెరిచి, పాత తేదీల ఫొటోల మీద పెట్టి చూడండి. దరఖాస్తులో "చెరువులు లేవు" అని ఉండి బొమ్మలో చెరువు కనిపిస్తే, అది చిన్న పొరపాటు కాదు. గోవాలో మోపా ఎయిర్‌పోర్టు విషయంలో, దరఖాస్తు ఫారంలో చుట్టుపక్కల అడవులు, సున్నిత ప్రాంతాల వివరాలు సరిగా వెల్లడించలేదని 2019 మార్చి 29న సుప్రీంకోర్టు ఈసీనే నిలిపివేసింది. మళ్లీ పరిశీలన జరిగి, అదనపు షరతులు వచ్చాక 2020 జనవరిలోనే ఆ నిలిపివేత తొలగింది.

అనుమతికి ముందు పని మొదలెట్టడం అంటే గోడ కట్టడమే కాదు. నేల చదును చేసినా మొదలెట్టినట్టే. స్థలానికి కాపలాగా కంచె వేసుకోవడం వరకే సరే. అస్సాంలో సిల్చర్ దగ్గర డోలు తేయాకు తోటలో విమానాశ్రయం కోసం ఈసీ రాకముందే మొక్కలు పీకేసినందుకు 2024 మే నెలలో సుప్రీంకోర్టు పనులు ఆపించింది. పని అయ్యాక ఇచ్చే అనుమతుల మీద మాత్రం న్యాయం అటూ ఇటూ ఊగింది: 2025 మేలో సుప్రీంకోర్టు అవి చెల్లవంది, నవంబర్‌లో ఆ తీర్పునే వెనక్కి తీసుకుంది. కాబట్టి కట్టేశాక కూల్చేస్తారులే అన్న ధీమా పెట్టుకోకండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది

సమాచార హక్కు కింద రెండు దరఖాస్తులు వేయండి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి వేసేదానికి 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. అందులో "అనుమతులున్నాయా?" అని అడగొద్దు, "ఉన్నాయి" అని ఒక ముక్క వస్తుంది. పత్రాలు అడగండి: ఈసీ నుంచి మినహాయింపు ఏ నిబంధన కింద అని నిర్ణయించిన ఫైలు నోట్, టెర్మినల్‌కు ముందూ తర్వాతా ఎయిర్‌పోర్టు మొత్తం విస్తీర్ణం, ఇప్పటి బేల సంఖ్య, టెండర్‌లో ఉన్న బేల సంఖ్య, డ్రెయిన్ల మట్టాల డ్రాయింగు, జలవనరుల శాఖ పత్రం. పీసీబీకి వేసేదాంట్లో సీఎఫ్‌ఈ ఉత్తర్వు ప్రతి, దానికి జతచేసిన నీటి పట్టిక, చివరి తనిఖీ నివేదిక. పాత విస్తరణకు ఈసీ ఏదైనా ఉంటే దాని ఆరునెలల షరతుల అమలు నివేదికలు కూడా అడగండి. వాటిని పర్యవేక్షించే కేంద్ర శాఖ ప్రాంతీయ కార్యాలయం విజయవాడలోనే ఉంది, నేరుగా వెళ్లి కలవచ్చు.

జవాబులు చూశాక అవసరమైతే జాతీయ హరిత ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచ్. ఇక్కడ గడువులు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈసీ ఇచ్చి ఉంటే దాని మీద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. అంతకు మించి ఒక్క రోజు కూడా లేదు. అసలు ఈసీయే లేదన్నది మీ ఫిర్యాదు అయితే అప్పీలు చేయడానికి ఉత్తర్వు ఉండదు. అప్పుడు సెక్షన్ 14 కింద దరఖాస్తు, వివాదానికి కారణం మొదట ఏర్పడిన రోజు నుంచి ఆరు నెలలు, పైన మరో 60 రోజులు. ఆ "మొదటి రోజు" మీద ఎదుటి లాయరు తప్పకుండా పట్టుబడతారు, ఆర్టీఐ జవాబు వచ్చిన రోజు నుంచి లెక్కపెడతామంటే ఒప్పుకోరు. అందుకని మీ దగ్గర చదును పని మొదలైన తేదీ ఈ వారంలోనే తేల్చుకోండి, ఫోన్లో అప్పటి ఫొటోలుంటే తేదీలతో సహా చెరపకుండా దాచండి.